లింబాద్రి తలాపు

ఒకసారి పట్టుపట్టాడంటే లింబాద్రిని కదిలించడం ఎవరి తరమూ కాదు. ఆర్మూరు దగ్గరి పల్లె నుంచి గల్ఫ్‌లోని రాస్ అల్ ఖైమాకు షట్టరింగ్ వడ్రంగిగా వచ్చి ఏళ్ళు గడిచినా ఆ మొండితనం ఇసుమంతైనా తగ్గలేదు. అంతటివాణ్ణి 1982లో పులితేపులు లొంగదీశాయి. పగలంతా బాగానే ఉండేవాడు. నడుం వాల్చాడో లేదో ఛాతీలో మంట ఎగదన్నేది, పుల్లటి నీళ్ళు గొంతులోకి వచ్చేవి. లేచి కూర్చుంటే తగ్గేది. కూర్చుని ఎంతకని నిద్రపోతాడు మనిషి? చివరికి రంపం చేతిలో ఉండగానే కునికిపాటు పడ్డాడు. ఫోర్మన్ చూడనే చూశాడు. ఇంకోసారి ఇలా కనిపిస్తే ఖలాస్, ఇంటికి పంపిస్తానన్నాడు. ఇల్లు చేరితే మళ్ళీ వీసా దొరుకుతుందన్న ఆశ లింబాద్రికి లేదు.

క్లినిక్‌లో మలయాళీ డాక్టర్ మందిచ్చాడు. రాత్రి పెందలాడే తినమన్నాడు. మంచం తలాపు జానెడుకు కాస్త తక్కువగా ఎత్తు లేపమన్నాడు. దిండ్లు పేర్చుకుంటే మెడ నొప్పే మిగులుతుంది, మంచమే లేవాలి అని గట్టిగా చెప్పాడు.

లింబాద్రి సైటులో పడేసిన చెక్కముక్కలు తెచ్చి, మంచం ఇనుప కాలు జారిపోకుండా చుట్టూ అంచులు కొట్టి, రెండు దిమ్మలు చేశాడు. వాటిని తూర్పు వైపు కాళ్ళకింద పెట్టాడు. తూర్పున తల పెట్టుకుని పడుకోవడం అతనికి తల్లి భూమవ్వ నేర్పింది. పొడిచే పొద్దుకు కాళ్ళు చూపగూడదని ఆమె పట్టింపు. ఆ రాత్రి మంట సగం తగ్గింది. వారం తిరిగేసరికి గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. పట్టు విడవకపోవడం ఎంత మంచిదో తనతో అన్నం తినే ప్రతివాడికీ చెప్పి విసిగించాడు.

ఒక మధ్యాహ్నం సైటులో ఫోర్మన్ కేకలు వినిపించాయి. ఇనుప చువ్వల కట్టకు ఆనుకుని నిద్రపోయినవాడు ఈసారి ఖాసిం. అతనికీ అదే మాట, ఇంకోసారి ఖలాస్. క్యాంపు గదిలో వాళ్ళిద్దరిదీ ఒకే రెండంతస్తుల మంచం, కింద లింబాద్రి, పైన ఖాసిం. ఖాసిం పని నుంచి రాగానే సోలిపోయే రకం. అతనికి నిద్ర కరువేమిటి?

సాయంత్రం క్యాంపుకు రాగానే లింబాద్రి నిచ్చెన ఎక్కి ఖాసిం పరుపు మీద పడుకుని చూశాడు. ఖాసిం దిండు పడమటి వైపున ఉంది. మక్కా అటే కాబట్టి అతను అటు కాళ్ళు చాపడు. దిండు మీద తల పెట్టగానే లింబాద్రికి నెత్తురంతా ముఖంలోకి వచ్చింది, మంట గొంతుదాకా ఎక్కింది. తన తలాపు లేచినన్నాళ్ళూ పైవాడు తలకిందులుగా పడుకున్నాడు. లింబాద్రికి సిగ్గేసింది. దాన్ని మించి కోపం వచ్చింది.

"ఎందుకు చెప్పలే, ఖాసిం భాయ్?"

"నీకు నిద్ర పడ్తున్నదని ఊకున్న, లింబన్నా. అలవాటైతది అనుకున్న."

"నా కోసం నీ నౌకరి పోగొట్టుకుంటవా?"

లింబాద్రి దిగి దిమ్మలు ఊడబెరకబోయాడు. ఖాసిం గాబరాపడి చెయ్యి పట్టుకున్నాడు.

"తియ్యకు. మల్ల నీకు మంట లేస్తది. ఫోర్మన్ నిన్ను వదలడు."

"తీసి పారేస్తలేను. అటు పెడ్తున్న."

ఖాసింను మంచం ఎత్తమని, ఆ దిమ్మల్ని తీసి పడమటి కాళ్ళకింద దూర్చాడు. తన దిండు తీసి అటే వేశాడు. ఖాసింకు అప్పుడు అర్థమైంది.

"అరే, పొద్దుపొడుపుకు కాళ్ళు పెడ్తవా? మీ అమ్మ వింటే?"

"అమ్మకు నేను చెప్పుకుంట. పొద్దున లేస్తనే సూర్యునికి దండం పెట్టి తప్పైందని అడుగుత. ఆయన వింటడు, ఫోర్మన్ వినడు. పండుకో."

అతనితో ఎవరు వాదించగలరు? పండుకున్నారు.

తెల్లవారి లింబాద్రి గుమ్మంలో నిలబడి, అన్నమాట ప్రకారం పొద్దుకు దండం పెట్టాడు. లోపలికి వస్తే పైన ఖాసిం నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. పనికి వేళైందని పక్కగది వాళ్ళు తలుపు బాదుతుంటే చెయ్యూపి వాళ్ళను పంపించేశాడు. కంపెనీ బస్సు హారన్ కొట్టేదాకా ఖాసింను లేపనివ్వలేదు.