గీత దగ్గర శత్రువు

దర్జీ అక్క అంటే ఆ చర్చిలో తెలియనివాళ్లు లేరు. చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో ఆవిడ పని కాలర్లు వేయడం. మొగుడు ఇంకొకావిడను కట్టుకుని వెళ్లిపోయిన ఏడు ఆవిడ ఏడుస్తూ కూర్చోలేదు, పొద్దున్నే లేచి పరిగెత్తడం మొదలుపెట్టింది. "మొగుడు పరిగెత్తాడు, ఇప్పుడు పెళ్లాం అందుకుంది" అని పక్క మిషన్ల వాళ్లు పళ్లికిలించారు. నవ్వితే నవ్వనీ అనుకుంది. పరిగెత్తిన రోజు రాత్రి కంటినిండా నిద్ర పట్టేది. ఆవిడకు కావలసిందదే.

ఒక ఆదివారం ఆలస్యమై, ఇంటి దగ్గర్నుంచి చర్చి దాకా పరుగున వచ్చి చివరి బల్ల మీద కూలబడింది. పక్కనున్న అమ్మాయికి చూపు లేదు. ఏదో బ్యాంకులో టెలిఫోన్లు ఎత్తే ఉద్యోగం.

"పరిగెత్తుకుంటూ వచ్చారా అక్కా? ఊపిరి వినిపిస్తోంది."

"పాట మొదలైపోతుందేమోనని భయమమ్మా."

"నన్నూ ఒకసారి పరిగెత్తించరూ? పుట్టినప్పట్నుంచీ అందరూ నన్ను నెమ్మది, నెమ్మది అంటూనే ఉన్నారు."

కాదనడానికి ఆవిడకు నోరు రాలేదు. ఫ్యాక్టరీలో మిగిలిన ముక్కలతో గట్టి నాడా ఒకటి కుట్టింది. ఒక కొస తన మణికట్టుకు, రెండోది ఆ పిల్ల మణికట్టుకు. గుంత, మలుపు, కుక్క అని చెబుతూ దర్జీ అక్క, పకపకా నవ్వుతూ ఆ పిల్ల. ఊపిరి కుదురుకున్నాక ఇద్దరూ పరుగులోనే ప్రార్థన చేసుకునేవారు.

"నాకెలాగూ కళ్లు మూసినా తెరిచినా ఒకటే. నువ్వు మాత్రం మూయకు తల్లీ, ఇద్దరం కలిసే దేవుడి దగ్గరికి పోతాం" అనేది పిల్ల.

అంతకుముందు దర్జీ అక్క చర్చికి అలవాటు కొద్దీ వెళ్లేది. దేవుడు నిజంగా ఉన్నాడనిపించింది మాత్రం ఆ రోడ్డు మీదే. మొగుడి మీద కోపం అక్కడే ఎక్కడో జారిపోయింది.

పిల్ల కాళ్లు ఏడాదికేడాది చురుకెక్కాయి. అక్క మోకాలు మొరాయించింది. చెబితే నాడాలో తన కొస ఇంకెవరి చేతికో పోతుంది. ఆవిడకున్న భయమంతా అదే. అందుకని మోకాలికి గుడ్డ బిగించి కట్టి, పైన పొడుగు ప్యాంటు వేసుకుని, నొప్పిని పళ్ల బిగువున దాచింది.

చూపు లేనివాళ్ల పరుగు పందెంలో ఒక నియమముంది. తోడు పరిగెత్తేవాళ్లు చివరి గీత ముందు దాటకూడదు. దాటారా, ఆ జంట లెక్కలోకే రాదు. ఇద్దరూ ఆ పందెంలో దిగిన రోజు గీత దాకా వీళ్లదే ముందు. ఎక్కడ వెనకబడతానోనని అక్క ప్రాణం ఉగ్గబట్టి ఒక్క ఊపున ముందుకురికింది. మోకాలు మడత పడింది. ఆవిడ బోర్లా వెళ్లి గీత అవతల పడింది. పిల్ల ఇవతలే నిలబడిపోయింది.

"పోనీలే అక్కా, దెబ్బ తగిలిందా?" అంది పిల్ల. తిట్టినా బాగుండేది.

ఆ వారమే పాస్టర్ గారు స్వయంగా ఇంటికొచ్చారు. "మా అల్లుడు డ్రిల్లు మాస్టారే కదమ్మా. ఇక నువ్వు కాస్త విశ్రాంతి తీసుకో."

అక్క నాడా ఉతికి, ఇస్త్రీ చేసి మరీ ఇచ్చింది.

మరుసటి ఏడు పిల్లకు మొదటి బహుమతి వచ్చింది. ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పడానికి పతకం వేసుకుని ముందుకెళ్లింది. దర్జీ అక్క పొద్దున్నుంచీ మంచి చీర కట్టుకుని కూర్చుంది. ఒక్క మాట తన గురించి చెబుతుందని ఆశ. ఆశకేం, ఎంతైనా పడొచ్చు.

"ఈసారి ప్రభువే నా చెయ్యి పట్టుకుని పరిగెత్తాడు" అంది పిల్ల. "పోయినసారి గీత దగ్గర శత్రువు అడ్డుపడ్డాడు. ఆ శత్రువును ప్రభువు నా దారిలోంచి తీసేశాడు."

ఆమేన్ అని చర్చి మారుమోగింది. అక్క కూడా అంది. స్తోత్రమంతా ఆయనకి, మోకాలి నొప్పి తనకి. యేసుప్రభువు మీద అసూయ పడే రోజు వస్తుందని ఆవిడ కలలో కూడా అనుకోలేదు.

బయట మెట్ల దగ్గర పిల్ల ఆవిడ అడుగుల చప్పుడు పట్టేసింది.

"అక్కా, బాగా చెప్పానా?"

"శత్రువంటే నేనేనా?"

"అయ్యో, అక్క పడిపోవడం వల్లే పందెం పోయిందని అందరి ముందూ ఎలా చెప్పను? నీ పరువు పోదూ? అందుకే సైతాను మీదికి తిప్పి చెప్పాను."

మంచి మనసుతోనే అంది. ఆ మాట నిజమని తెలిసి అక్కకు మరీ మండింది. ఎదురు తిట్టడానికి కూడా చోటివ్వలేదు దొంగమొహంది.

"మెట్లు దిగుదాం పద" అని పిల్ల ఎప్పటిలాగే చెయ్యి చాపింది. దర్జీ అక్క ఆ చేతిని చూస్తూ తన చేతులు రెండూ కొంగు కింద పెట్టుకుంది. చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. ఇంతలో పాస్టర్ గారల్లుడు వచ్చి దాన్ని పట్టుకున్నాడు.

"వచ్చారా సార్" అంది పిల్ల, మొహమంతా నవ్వుతో. ఇన్నేళ్లూ ఆ నవ్వు తనను చూసే వచ్చేదనుకుంది దర్జీ అక్క.