మట్టి కప్పిన మేకు

ఈయేళ గాజువాకలో షేరాటో దిగి వస్తన్నానా, గ్రౌండులో క్రికెట్టు ఆట మొదలవుతంది. అంపైరు కుర్రోడు బూట్లేసుకుని వచ్చి, మజ్జిన నిలబడి ఫోను సూసుకుని, టాసెయ్యించీసినాడు. అంతే. గ్రౌండు సుట్టూ ఒక్కపాలైనా తిరగలేదు. మా ఆయన అలక్కాదు. వారమంతా స్టీలు ప్లాంటులో డూటీ, ఆదోరం వస్తే అంపైరు. ఆట మొదలెట్టకముందు సెప్పులిప్పీసి గ్రౌండంతా వట్టికాళ్ళతో నడిసీవోడు. రాయైనా మేకైనా బూటుకేటి తెలుస్తాది, కాలికే తెలుస్తాది అనీవోడు. ఇంటికాడ అన్నంలో మట్టిగెడ్డ కనబడదు గానీ, ఆ గడ్డిలో గాజుపెంకు దొరికీసీది. సాయంత్రానికి పల్లేరు ముళ్ళు తియ్యమని నా ముందుకి కాలు జాపీవోడు. "ఊరోళ్ళ కాళ్ళు బాగుండాలి, ముళ్ళు మాత్రం నా నెత్తినా?" అని తిట్టుకుంటా పిన్నీసుతో తీసీదాన్ని.

ఓ ఆదోరం ఇదే గ్రౌండులో ఫైనలు. ముందురోజు అక్కడే ఏదో మీటింగని టెంటేసినారు. టెంటోళ్ళు తాళ్ళిప్పుకుని పోయినారు గానీ ఇనప మేకొకటి భూమిలోనే ఒగ్గీసినారు. అది ఈయన కాలికి తగిలింది. గడ్డపార తెచ్చి పీకితేగానీ ఆట లేదన్నాడు. గడ్డపారకి ఎవుడెల్తాడు? ఒక జట్టు కెప్టెను మా తమ్ముడే. "ఏటి బావా, పునాది తవ్విస్తావేటి? జనం నవ్వుతన్నారు, ఆడించీ" అని, ఆడే సుత్తట్టుకొచ్చి మేకుని లోనికి దిగ్గొట్టీసి మీద మట్టి కప్పీసినాడు. బావమరిది మాట కాదనలేక ఈయన సరేనన్నాడు. అందరూ పరుగులెట్టి పరుగులెట్టి ఆ మట్టి కాస్తా లేసిపోనాది. బంతి కోసం దూకిన మా తమ్ముడి మోకాలే ఎల్లి మేకు తల మీద పడ్డాది.

ఆస్పత్రిలో తమ్ముడు వచ్చినోళ్ళందరితోనూ ఒకటే మాట, "గ్రౌండు సూసుకోవలసినోడు అంపైరు కదా" అని. మాయమ్మా అదే పాట. నాను సుత్తి సంగతి సెప్పబోతే మా ఆయన నా సెయ్యట్టుకుని ఆపీసినాడు. "ఆడిది తొందర. ఆపడం నా పని, నానాపలేదు" అన్నాడు. ఆ తరవాత ఈయన్ని అంపైరుకి ఎవులూ పిలవలేదు. తమ్ముడు మా గుమ్మం తొక్కలేదు. ఆదోరం వస్తే మా ఆయన అరుగు మీద కూకుని అరికాళ్ళు సూసుకునీవోడు. ఒక్క ముల్లూ ఉండీది కాదు.

ఆయన పోయినాడని తెలిసి తమ్ముడు కుంటుకుంటా వచ్చి, ఆయన కాళ్ళ మీద పడి, "మా బావలాంటి మంచోడు లేడే అక్కా" అని ఈధంతా ఇనబడేలాగ ఏడిసినాడు. "ఆ ముక్కేదో బతికుండగా అనుంటే ఇనీవోడు కదరా" అన్నాను. కళ్ళు తుడుసుకుని లెగిసినాడు. సుత్తి మాట మాత్రం ఈ రోజు దాకా ఆడి నోట రాలేదు. కాలం పోతే కోపం సల్లారుతాదంటారు. ఏటో, నా జుత్తు తెల్లబడిపోనాది గానీ కోపం ఇంకా పచ్చిగానే ఉంది.