తుక్కు మాస్టారు చెడగొట్టిన గేర్లు

మిషను మీద గేర్లు కోయడం నేర్పే శిక్షణ కేంద్రంలో ముప్పై ఏళ్లుగా పాఠం చెబుతున్న మాస్టారి నోట వచ్చే తీర్పు ఒక్కటే: "తుక్కు!" క్యాంటీన్ టీ తుక్కు. పెద్దాఫీసరు ఉపన్యాసం తుక్కు. అల్లుడు మరీ తుక్కు. "నన్ను మాత్రం ఆ మాట అనలేదు. ప్రేమనుకునేరు, భయం," అనేది వాళ్లావిడ. అలా తుక్కు మాస్టారనే పేరు ఖాయమైపోయింది.

ఆయన చేతికి అక్కయ్య చిక్కింది. పనిచేసే మిల్లు మూతపడ్డాక, నలభై రెండేళ్ల వయసులో, కుర్రాళ్ల మధ్య కూర్చుని ఈ పని నేర్చుకుంటోంది గనక అందరికీ అక్కయ్యే. కాగితం మీద ఆమె గీసిన గేరుకు వంక పెట్టేవాడు లేడు. మిషను దగ్గరకొస్తేనే కంగారు. ఒక పన్ను కోశాక, మిషనుకున్న పళ్లెం మీది చిల్లులు లెక్కపెట్టి, పిడిని అన్ని చిల్లులు ముందుకు తిప్పితే తర్వాతి పన్ను చోటు వస్తుంది. పిడి అప్పటికే ఉన్న చిల్లును లెక్కలో కలపకూడదు. అక్కయ్య ఎక్కడో ఒకచోట కలిపేస్తుంది. అంతే, అక్కడ ఒక పన్ను సన్నం, చివరి పన్ను లావు.

"తుక్కు!" గేరు వెళ్లి మూలపెట్టెలో ఠంగుమనేది.

పది చెడగొడితే ఇంటికే అని నియమం. ఆ రోజు అక్కయ్య పదో గేరూ ఠంగుమంది. ఈ వయసులో ఇంకెవరు పనిస్తారు? చదువుకునే పిల్లలిద్దరికీ ఏ మొహం చూపించాలి? ఎందుకూ పనికిరాని చేతులని తనను తానే తిట్టుకుంది. మాస్టారి మాట గేరు గురించి కాదు, తన గురించే అనిపించింది. సంచి సర్దుకుని, గుర్తింపు కార్డు ఇచ్చేయడానికి స్టోరుకు వెళ్లింది.

స్టోరు పెద్దాయన కార్డు తీసుకోలేదు. "నీ పేరున చెడినవి ఒక్కటీ లేవుగా తల్లీ!"

"పది ఉన్నాయండీ."

ఆమె సంచి సర్దుకునేలోపే మాస్టారు స్టోరుకు పంపేసిన మూలపెట్టెను ఆయన ముందుకు లాగాడు. ప్రతి గేరుకూ చీటీ కట్టి ఉంది. దాని మీద మాస్టారి కోడిగీతలు: 'ఇలా కోయకూడదని చూపించడానికి నేనే చెడగొట్టాను.'

"ఏటా ఇదే వరస. ఇంత చేతకాని మాస్టారు ఎక్కడా లేడని పైవాళ్లు తిట్టిపోస్తారు. ప్రమోషన్ కూడా రానివ్వలేదు."

అక్కయ్య కార్డు మళ్లీ మెళ్లో వేసుకుని వెనక్కి నడిచింది.

"టీకి ఇంతసేపా?" మాస్టారు తలెత్తకుండానే కొత్త ఇనుపదిమ్మ ముందుకు తోశాడు.

పిడి ఉన్న చిల్లును ప్రతిసారీ వేలితో తాకి, "నువ్వు కాదు" అని దాటేస్తూ, సాయంత్రానికి ముప్పై ఆరు పళ్లూ కోసింది. జత గేరుకు తగిలించి తిప్పితే చప్పుడు లేకుండా తిరిగింది.

"దీన్ని మాత్రం మీరు చెడగొట్టకండి మాస్టారూ."

ఆయన ఉలిక్కిపడి స్టోరు వైపు గుర్రుగా చూశాడు.

"వాడి నోరొక తుక్కు!" అంటూనే గేరును చొక్కా అంచుతో తుడిచి, ఆమె చేతిలో పెట్టాడు.