బాబు బొడ్డు మీద వాన

నెల కూడా నిండని నా బాబు బొడ్డుకి ఏమీ రాయొద్దని, గాలికి ఎండితే అదే ఊడిపోతుందని డాక్టరమ్మ చెప్పింది. అయినా ఇవాళ అమ్మ పసుపూ నూనే కలుపుకొచ్చింది. మిరప రైతైన మా నాన్న అడ్డం నిలబడ్డాడు.

"కల్లంలో కాయలకి నూనె రాసి ఎండబెడతామా ఏంటే? బూజు పట్టిపోద్ది!"

డాక్టరమ్మ చెప్తే వినని మనిషి, మిరపకాయల పేరు చెప్పేసరికి గిన్నె దించేసింది. నాన్న గొప్పగా కళ్లజోడు సర్దుకుని, వంగి, "తేమ తగ్గింది, తొడిమ దగ్గరే కాస్త..." అంటుండగా బాబు ఉచ్చ పైకి చిమ్మాడు. బొడ్డూ తడిసింది, కళ్లజోడూ తడిసింది.

"ఒరేయ్, వాన! పట్టాలు కప్పండ్రా!" అని నాన్న వీధి అదిరేలా అరిచాడు.

మండుటెండలో, మిరపకాయలు ఆరబోసుకున్న ఇరుగుపొరుగంతా పట్టాలు పట్టుకుని పరిగెత్తారు. ఆ వాన మా మంచం మీదే కురిసిందని వాళ్లకి ఏ మొహంతో చెప్పాలో మీరే చెప్పండి.