నా చేతికి తగని డ్రైవర్

మా కేడీ పెద్దాయన పోయాడని మొన్న శనివారం పొద్దున్న ఫోన్ వచ్చింది. గోల్ఫు మైదానం ఆఫీసు నుంచి ఎవరో చేశారు. "సార్, మీ బేగ్ మోసే పెద్దాయన నిన్న సాయంత్రం పోయారండి. గుండెపోటంట" అన్నారు. నేను "అలాగా" అన్నాను. "థాంక్సండీ" అని కూడా అన్నాను. ఫోన్ పెట్టేసి, ప్లేటులో మిగిలిన ఇడ్లీ తినేశాను. ఇవాళ్టికి వారమైంది. ఏటో గానీ, ఇంతవరకూ ఏడుపు రాలేదు. కాలు తిమ్మిరెక్కినప్పుడు గిల్లినా తెలీదు చూడండి, అలాగుంది నా పని.

గోల్ఫు ఎరగనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. ఆడేవాడి కర్రల సంచీ మోస్తూ, గాలి ఎటుందో, ఏ దెబ్బకి ఏ కర్ర తీయాలో చెప్పే మనిషిని కేడీ అంటారు. మా వైజాగు మైదానంలో కేడీలందరికీ ఈయనే పెద్ద. సముద్రంలో వేటకెళ్ళే కుటుంబం. అన్నదమ్ములు ఇప్పటికీ వెళ్తున్నారు. వలతాడు చుట్టుకుని ఎడమచేతి వేళ్ళు రెండు పోయాక ఈయన మాత్రం పడవ దిగి, ఈ పని పట్టుకున్నాడు. తొంభైల మొదట్లో నేను పోర్టులో ఇంజినీరుగా ఉండగా, ఆఫీసర్లందరూ ఆడుతున్నారు కదా అని నేనూ ఎగేసుకుంటూ వెళ్ళాను. మొదటిరోజు నేను కర్ర ఊపిన తీరు చూసి ఆయన అన్నాడు: "బాబూ, ఆ బంతి మీకేటి సేసిందని? కాస్త మెల్లగా. అదే ఎల్తది."

గాలి సంగతి అడిగితే ఆయన ఏ హడావుడీ చేసేవాడు కాదు. మిగతా కేడీలు గడ్డి గిల్లి ఎగరేసి చూసేవారు. ఆయన గెడ్డం కాస్త పైకెత్తేవాడు, అంతే. "సముద్రం మీంచొత్తంది బాబూ, తిన్నగా కొట్టకండి" అనేవాడు. ఏళ్ళ తరబడి ఆయన పక్కన నడిచాను. గాలి విషయంలో ఒక్కసారంటే ఒక్కసారి తప్పలేదు.

ఎవరైనా కొత్త కర్ర కొంటే ఆయన దగ్గర పరీక్ష ఉండేది. పది బంతులు కొట్టించేవాడు. తను దూరంగా ఎండలో నిలబడి, ప్రతి బంతీ మొదట నేలకి తగిలినచోట ఒక వెదురుపుల్ల గుచ్చేవాడు. బంతి దొర్లి ఆగినచోటికి అసలు వెళ్ళేవాడే కాదు. "ఎక్కడాగిందో బంతినే అడగండి. ఎక్కడ పడిందో నన్నడగండి" అనేవాడు. ఆ పుల్లలు చూసి, ఈ కర్ర మీ చేతికి పనికొస్తుందో రాదో చెప్పేవాడు. పెద్ద పెద్ద ఆఫీసర్లు కూడా చేతులు కట్టుకుని వినేవారు.

ఇక నా బుద్ధి గడ్డి తిన్న కథ. మా బావమరిది స్టీలు ప్లాంటులో చేసేవాడు. నాకంటే పన్నెండేళ్ళు చిన్న, ఆరడుగుల మనిషి. మొదటి దెబ్బకి వాడే పొడుగు కర్రని డ్రైవర్ అంటారు. అతను లో స్పిన్ డ్రైవర్ ఒకటి కొన్నాడు. అంటే బంతి గాల్లో వెనక్కి గిర్రున తిరగడాన్ని తగ్గించే రకం. విసురున్నవాడు దాంతో కొడితే బంతి ఊరికే పైకి లేచి ఆగిపోకుండా ముందుకి దూసుకుపోతుంది. అతని బంతులు చూసి నాకు కడుపు మండిపోయింది. సింగపూర్ నుంచి వచ్చే ఓడ కెప్టెన్ ఒకాయన చేత అచ్చం అలాంటిదే తెప్పించుకున్నాను.

రోహిణి కార్తె ఎండల్లో దాన్ని పరీక్షకి పెట్టాను. నేలంతా బీటలు వారి సిమెంటు గచ్చులా ఉంది. నా బంతి పడి, ఎగిరి, దొర్లి దొర్లి ఎక్కడికో పోయింది. "చూశావా పెద్దాయనా! పాతదానికంటే ముప్ఫై గజాలు ఎక్కువ!" అని గంతులేశాను.

ఆయన పుల్లల దగ్గర నుంచి కదల్లేదు. "పుల్లిక్కడుంది బాబూ. మీ పాత కర్రకంటే పది గజాలు ఎనకే పడింది. మిగిలిందంతా ఈ ఎండిపోయిన నేల దొర్లించింది. మీరు కొట్టింది కాదు."

"మరి మా బావమరిదికి?"

"ఆయన సెయ్యి ఏగం. మీది నెమ్మది సెయ్యి. తప్పేటీ నేదు బాబూ, ఎవుల సెయ్యి ఆలది. నెమ్మది సెయ్యికి బంతి కాసింత తిరగాల, ఆ తిరుగుడే దాన్ని మోసుకెల్తది. ఇది మొయ్యదు. వానలు పడనీండి, ఈ నేల కూడా మీ మాటినదు."

వినలేదు. మిగిలిన వేసవంతా దాంతోనే ఆడాను. దొర్లిన దూరం నాదే అనుకుని మురిసిపోయాను.

పోర్టు వాళ్ళకీ స్టీలు వాళ్ళకీ ఏటా జరిగే పోటీ ఆ ఏడు భాద్రపదంలో పడింది. వారం రోజుల వాన. నేల చిత్తడి. ఆఖరి గుంత దాకా సమానంగా వచ్చాం, నేనూ మా బావమరిదీ. అక్కడ అడ్డంగా పారే గెడ్డని, అంటే చిన్న వాగుని, మొదటి దెబ్బకే దాటించాలి. పెద్దాయన నా పాత డ్రైవర్ తీసి ముందుకి చాపాడు. "గాలి ఎదురుంది బాబూ. ఇదైతే దాటుతాది" అన్నాడు. క్లబ్బు వరండాలో అందరూ చూస్తున్నారు, మా బావమరిది నవ్వుతున్నాడు. ఆయన చెయ్యి పక్కకి నెట్టి కొత్తది లాక్కున్నాను. బంతి నడుమెత్తు లేచి, ఈసురోమంటూ పోయి, గెడ్డలో పడింది.

వరండా దగ్గరకి వచ్చేసరికి, "ఏమైంది బావా, అంత చిన్న గెడ్డ!" అన్నాడు మా బావమరిది. నా నోట్లోంచి తన్నుకుంటూ వచ్చింది ఆ మాట. "ఈయన గాలి తప్పు చెప్పాడు. వెనక గాలి అన్నాడు."

పెద్దాయన నా ముఖంలోకి చూశాడు.  తర్వాత అందరికీ వినబడేలా అన్నాడు: "అవునండి. నానే తప్పు సెప్పాను."

ఆ తర్వాత పోటీలప్పుడు ఆయన్ని ఎవరూ పిలవలేదు. "ముసలాయనకి గాలి తెలీడం లేదు" అనుకున్నారు. కొత్తగా నేర్చుకునేవాళ్ళ దగ్గర పెట్టారు. ఆదివారాలు మాత్రం నా బేగ్ మోసేవాడు. కొత్త డ్రైవర్ నేనే ఇంట్లో పడేశాను, పాతది ఆయన మాట్లాడకుండా అందించేవాడు. ఒక్క మార్పు వచ్చింది. గాలి అడిగితే గెడ్డం ఎత్తడం మానేశాడు. గడ్డి గిల్లి ఎగరేసేవాడు. మళ్ళీ గిల్లి రెండోసారి ఎగరేసేవాడు. అప్పటికీ, "ఎదురు గాలనుకుంతన్నాను బాబూ, మీరూ ఓసారి సూసుకోండి" అనేవాడు.

ఆ గడ్డి ఎగరేసినప్పుడల్లా నాకు సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయేది. చెప్పేద్దాం, నలుగురినీ పిలిచి నిజం చెప్పేద్దాం అనుకునేవాణ్ణి. ఒకసారి మద్దిలపాలెంలో బస్సుకోసం నిలబడి కనిపించాడు. స్కూటర్ ఆపాను. "పెద్దాయనా, ఆ రోజు..." అన్నాను. "బస్సొచ్చేసింది బాబూ, ఆదివారం అగుపడతాను" అని ఎక్కేశాడు. ఆ ఆదివారం వచ్చింది. తర్వాత ఎన్నో ఆదివారాలు వచ్చాయి. నేను చెప్పలేదు. నా అంత పిరికివాడు వైజాగులో ఇంకొకడు ఉండడు.

ఆయన పోయిన మూడోరోజున వాళ్ళింటికి వెళ్ళాను. ఒడ్డుకి దగ్గర్లో రెండు గదుల ఇల్లు. ఆయన భార్యని అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు. నా పేరు చెప్పగానే ఆవిడ లేచి నిలబడింది.

"ఇంజినీరు బాబా? మీ గురించే సెప్పేవోడు. 'ఆ బాబు గెలవాల్సిన ఆట నా వల్లే పోయిందే' అని తెగ బాధపడేవోడు. 'పుట్టి బుద్దెరిగిన కాణ్ణించి గాలి తెలుసనుకున్నాను, తెలీదే' అనీవోడు."

నన్ను కాపాడాలని ఇంట్లో కూడా అలా చెప్పాడా? లేక నేను అంత గట్టిగా అనేసరికి నిజంగానే తన మీద తనకి నమ్మకం పోయిందా? ఇక అడగడానికి మనిషి లేడు.

"కాదమ్మా" అన్నాను. "ఆయన సరిగ్గానే చెప్పాడు. ఎదురు గాలి అనే చెప్పాడు. నేనే వినకుండా కొట్టి, నలుగురిలో ఆయన మీద అబద్ధం చెప్పాను. తప్పంతా నాది." ఇన్నేళ్ళూ నోరు దాటని మాట, ఏ తడబాటూ లేకుండా వచ్చేసింది.

ఆవిడ నా వైపు జాలిగా చూసింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఊరుకోండి బాబూ" అంది. "పోయినోడి మీద మాట రానీకూడదని మీరలగంతన్నారు. మీరెంత మంచోరో ఆయన రోజూ సెప్పీవోడు."

 నాకు చెమటలు పడుతున్నాయని చూసి, ఆవిడే లేచి టేబుల్ ఫ్యాను నా వైపుకి తిప్పింది.