పడుగును పడేసిన వణక్కం

నాకు సిగ్గనేది ఉంటే ఈ సంగతి చెప్పకూడదు. ఒకే ఒక్క వణక్కంతో ఒక వీధినంతా ఏడిపించిన ఘనుణ్ణి నేను. నవ్వుకోండి, ఏమీ అనుకోను.

డెబ్బైల చివర్లో తిరుత్తణి దగ్గర హైస్కూల్లో అయ్యవారుగా చేరాను. చేరిన రోజే పిల్లలకు హుకుం జారీ చేశాను. "సారు యాడ కనపడినా సరే, చేతిలో పని వదిలేసి, రెండు చేతులూ జోడించి వణక్కం చెప్పాల!" పెద్ద మహారాజునని అనుకున్నాను లెండి.

తొమ్మిదో క్లాసు కమల బాగా చదివే పిల్ల. కానీ వారంలో సగం రోజులు రాదు. "ఇట్లయితే పేరు కొట్టేయాల్సిందే" అన్నారు హెడ్మాస్టరు. "నేను లాక్కొస్తా చూడండి సార్" అని రొమ్ము విరుచుకుని, పొద్దున్నే సైకిలెక్కి నేతవాళ్ళ వీధికి పోయాను.

వీధి పొడవునా చీరల పడుగు, అంటే మగ్గానికెక్కించే నిలువు పోగులు, సాగదీసి, గంజి పట్టించి ఉంది. చివర మేకు ఊడితే కమల నాయన మునుసామి దాన్ని మళ్ళీ దిగ్గొడుతున్నాడు. అందాకా పడుగు కట్టిన తాడు బిగించి పట్టుకుని నిలబడింది కమల. మాదేమో కే.జీ.కండిగై అనే పల్లెలో సేద్యం చేసే ఇల్లు. వేరుశనక్కాయలు పీకే పిల్లని కేకేస్తే కాయ ఎక్కడికీ పోదు. దారాల సంగతి నాకేం తెలుసు?

"కమలా! బడికెందుకు రాలేదు?" అని గర్జించాను.

ఆ పిల్ల బెదిరిపోయి, తాడు వదిలేసి, రెండు చేతులూ జోడించి "వణక్కం అయ్యా!" అంది.

అంతే. తడి పడుగంతా మట్టిలో కూలబడింది. పోగుకు పోగు అతుక్కుపోయింది.

"అయ్యయ్యో! ఏంది సార్ ఇట్ల చేసినారు?" మునుసామి తల పట్టుకున్నాడు. "ఈ పొద్దు ఇది ముగిస్తే రేపట్నించి రోజూ బడికి పంపిస్తానని బిడ్డకి మాటిచ్చినానే!"

"వణక్కం చెప్పకుంటే సారు కొడతాడు నాయనా" అని కమల ఏడ్చింది.

ఆ మాటకు చచ్చినంత సిగ్గేసింది. చొక్కా చేతులు మడిచి పోగులు విడదీయడానికి కూర్చున్నాను. నేను ముట్టుకున్నవి ఇంకా చిక్కుపడ్డాయి. ఆ చిక్కులు తీయడానికి వీధిలో పిల్లలందరూ ఆ పొద్దు బడి మానేశారు. వాళ్ళతో పాటు నేనూ మానేశాను.

సాయంత్రం హెడ్మాస్టరు వెతుక్కుంటూ వచ్చారు. మోచేతుల దాకా గంజితో ఉన్న నన్ను చూసి, "ఏమప్పా, పిల్లని లాక్కొస్తానంటివే?" అన్నారు.

నేను మునుసామి చేతులు పట్టుకున్నాను. "తప్పు నాదన్నా. బిడ్డ చదువు మాత్రం ఆపొద్దు."

అతను పోగుల మీంచి తలెత్తకుండానే అన్నాడు. "పంపిస్తా సార్. రోజూ పంపిస్తా. మీరు మా వీధికి రాకుంటే చాలు."

కమల రోజూ వచ్చింది. నా హుకుం మర్నాడే రద్దయింది. ఇక ఆ వీధిలో అడుగు పెట్టనని తిరుత్తణి కొండమీది స్వామి వైపు తిరిగి దండం పెట్టి ఒట్టేసుకున్నాను. ఇప్పటికీ చుట్టు తిరిగే పోతాను. ఎవరైనా నాకు వణక్కం పెట్టబోతే, ముందు వాళ్ళ చేతుల్లో ఏముందో చూస్తాను.