లారీ బయలుదేరలేదా? యెస్ మేడమ్

2011 సెప్టెంబరు. ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. అప్పుడు నేను జగిత్యాలలో ఒక జూనియర్ కాలేజీలో ఇంగ్లిష్ లెక్చరర్‌ని. కాలేజీ మూతబడింది, మేమూ సమ్మెలోనే ఉన్నాం. ఉద్యోగంతో పాటు నాకు ఇంకో వ్యాపకం ఉండేది. పనిచేసుకునేవాళ్లకు ఆఫీసు ఇంగ్లిష్ నేర్పేవాణ్ణి. గురువారం సాయంత్రం కోరుట్లలో, శనివారం జగిత్యాలలో, ఆదివారం పొద్దున సిరిసిల్లలో. బ్యాంకు గుమస్తాలు, మందుల కంపెనీ వాళ్లు, షోరూముల్లో పనిచేసేవాళ్లు వచ్చేవారు. ఫోనులో ఎలా మాట్లాడాలి, ఉత్తరం ఎలా రాయాలి, పై అధికారికి విషయం ఎలా విన్నవించాలి అన్నదే పాఠం. ప్రతి క్లాసులో ఏం చెప్పానో ఇంటికి రాగానే డైరీలో రాసుకునేవాణ్ణి. ఆ అలవాటే ఒకరోజు నా తప్పును నాకు పట్టిచ్చింది.

సిరిసిల్ల క్లాసులో లావణ్య అనే అమ్మాయి ఉండేది. ఇరవై మూడేళ్లు, డిగ్రీ చదివింది. రాజేశం అనే ఆసామి షెడ్డులో ఆఫీసు పని చూసేది. మరమగ్గాల యజమానిని సిరిసిల్లలో ఆసామి అంటారు, మరమగ్గాన్ని సాంచా అంటారు. రాజేశం షెడ్డులో పదహారు సాంచాలు. లావణ్య తండ్రి నర్సయ్య ఆ సాంచాల మీదే పనిచేసేవాడు. ఆ ఏడాది వాళ్లకు చెన్నై నుంచి కొత్త ఆర్డరు వచ్చింది. గుడ్డ సంచులు కుట్టి విదేశాలకు పంపే కంపెనీ. దానికి గ్రే క్లాత్, అంటే రంగు వేయని ముడి బట్ట, కావాలి. అక్కడ కొనుగోళ్లు చూసేది హెలెన్ అనే ఇంగ్లండు ఆవిడ. రాజేశానికి ఇంగ్లిష్ రాదు, ఆవిడకు తెలుగు రాదు. మధ్యలో లావణ్య.

శనివారం మధ్యాహ్నం లావణ్య ఫోన్ చేసింది.

"సార్, నేను అబద్ధం చెప్పిన్నంటున్రు. సేటు సోమవారంకెల్లి రావద్దన్నడు. నేను నిజమే చెప్పిన సార్. ఒట్టు."

ఇంకేమో చెప్పబోయింది, ఛార్జింగ్ అయిపోయిందేమో, లైను తెగింది. మళ్లీ కలవలేదు. బొగ్గు గనులు కూడా సమ్మెలో ఉండడంతో కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడు వస్తుందో తెలియని రోజులు. ఆ పిల్ల ఏం అబద్ధం చెప్పి ఉంటుంది? ఎవరికి? నేను నేర్పిన ఇంగ్లిష్‌తోనేనా? సాయంత్రమంతా అదే ఆలోచన.

బస్సులు లేవు. ఆదివారం పొద్దున్నే స్కూటర్ మీద బయలుదేరాను. దారిలో రెండు చోట్ల రాస్తారోకో. మొదటి చోట రోడ్డుకడ్డంగా ఎడ్లబండ్లు నిలబెట్టారు. నన్ను గుర్తుపట్టి వదిలేశారు. రెండో చోట రోడ్డు మీదే వంటావార్పు నడుస్తోంది. పొయ్యి దగ్గరున్న పెద్దావిడ నా మొహం చూసి అడిగింది.

"పొద్దుగాల్నుంచి ఏం తినలేదా, సారూ?"

"అవును."

"అయితే కూసో. ఆకలి మీద ఏం బండి నడుపుతవ్."

విస్తరి వేసి అన్నం, పప్పు పెట్టింది. నాలుగు ముద్దలు తిని లేచాను.

షెడ్డుకు చేరేసరికి కరెంటు లేదు. సాంచాల చప్పుడు లేని షెడ్డు నేను అంతకు ముందెప్పుడూ చూడలేదు. మాట మాట్లాడితే గోడలకు తగులుతోంది. నర్సయ్య, మిగతా కార్మికులు అక్కడక్కడ కూర్చున్నారు. వాళ్లలో ఒకడు, నర్సయ్యకు వినబడేలాగే, "ఇంగ్లీషు నేర్సిన బిడ్డ, షెడ్డుకు తాళమేయించె" అన్నాడు. నర్సయ్య తల ఎత్తలేదు.

రాజేశం నన్ను చూసి లేచాడు.

"సార్, గీ పిల్లకు నేర్పింది మీరే గద? ఏం నేర్పిన్రో ఏమో. బంద్ వల్ల లారీ కదల్లేదని చెప్పమన్న. గీమె పోయిందని చెప్పిందట. ఆ మేడం నమ్మి, సంచులు కుట్టే ఆడోళ్లందరిని పిలిపిచ్చుకొని కూసున్నది. నాలుగు రోజులు చూసి, తెలుగొచ్చిన మనిషితోని నాకు ఫోన్ చేయించింది. అబద్ధాలాడేటోళ్ల బట్ట మాకొద్దంటున్నరు. మగ్గాల మీదున్న బట్ట నేనెవలికి అమ్ముకోవాలె?"

"నేను పోలేదనే చెప్పిన సేటూ," అంది లావణ్య. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బి ఉన్నాయి.

ఆ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టాను. "ఆమె అన్న మాట, నువ్వన్న మాట, ఒక్కటి కూడా వదలకుండా ఇంగ్లిష్‌లోనే చెప్పు బిడ్డా," అన్నాను.

"ముందు గుడ్ మార్నింగ్ అన్నది. నేను గుడ్ మార్నింగ్ మేడమ్ అన్న. తర్వాత, సో ది లారీ హాజ్ నాట్ లెఫ్ట్ యెట్? అన్నది."

"నువ్వు?"

"యెస్ మేడమ్ అన్న."

"ఆ తర్వాత?"

"లవ్లీ, థాంక్యూ అని పెట్టేసింది. లారీ పోలేదంటే గూడ లవ్లీ అన్నదంటే ఎంత మంచి మనిషో అనుకున్న సార్."

గంట క్రితం రోడ్డు మీద పెద్దావిడ 'తినలేదా' అంటే నేను 'అవును' అన్నాను. నేను తినలేదని ఆమెకు అర్థమైంది, అన్నం పెట్టింది. అదే ప్రశ్న హెలెన్ అడిగి, నేను 'యెస్' అని ఉంటే? తిన్నాడనుకుని నన్ను ఆకలితోనే పంపేసేది.

ఇంగ్లిష్ బోధనలో దీన్ని నెగటివ్ క్వశ్చన్ అంటారు. 'లేదా' అని అడిగే ప్రశ్న. మన 'అవును' అడిగిన మనిషి మాటను ఒప్పుకుంటుంది: నువ్వన్నది నిజమే, పోలేదు. ఇంగ్లిష్‌వాళ్ల 'యెస్' పనిని ఒప్పుకుంటుంది: పోయింది. ఇద్దరూ నిజమే మాట్లాడారు. మధ్యలో ఒక అబద్ధం పుట్టింది.

ఇది చెప్పగానే లావణ్య సంచిలోంచి నోటుబుక్కు తీసి నా ముందు పెట్టింది. నిందించడానికి కాదు, అర్థం కాక. అందులో నేను చెప్పి రాయించిన వాక్యం ఉంది: 'వ్యాపారంలో నో అనే మాట మొరటుగా ఉంటుంది. ఏ జవాబైనా యెస్ సర్, యెస్ మేడమ్ అని మొదలుపెట్టండి.' కింద రెండు గీతలు. తేదీ కూడా వేసుకుంది. ఇంటికెళ్లాక నా డైరీలో చూశాను. అదే తేదీ, అదే వాక్యం. పక్కన 'విద్యార్థులు శ్రద్ధగా రాసుకున్నారు' అని కూడా రాసుకున్నాను.

రాజేశానికి, అందరూ వినేలా, చెప్పాను. "తప్పు ఈ పిల్లది కాదు. నాది."

"మీదైతే మీరే చెప్పున్రి సార్ ఆ మేడంకు," అన్నాడాయన. న్యాయమే.

నేను కాగితం తీసి ఉత్తరం మొదలుపెట్టాను. కలిగిన అసౌకర్యానికి మిక్కిలి చింతిస్తున్నామంటూ పెద్ద పెద్ద మాటలు. లావణ్య నా భుజం మీదుగా చదివింది.

"సార్, గిది చదివితే నేను రాసింది కాదని మేడంకు ఎర్కైతది. మళ్ల అబద్ధమే అనుకుంటది. నేనే మాట్లాడుత."

రాజేశం ఫోనులో ఛార్జింగ్ కొంచెమే ఉంది. మొదటిసారి రింగయి ఆగిపోయింది. రెండోసారి కట్ చేశారు. మూడోసారి హెలెన్ ఎత్తింది. లావణ్య స్పీకర్ ఆన్ చేసి, నేలను చూస్తూ, ఒక్కో మాట పేర్చుకుంటూ మాట్లాడింది.

"మేడమ్, ది లారీ హాజ్ నాట్ లెఫ్ట్. ఐ సెడ్ యెస్. ఇన్ మై లాంగ్వేజ్, దట్ యెస్ మీన్స్, యూ ఆర్ రైట్, ఇట్ హాజ్ నాట్ లెఫ్ట్."

లైను పోయిందేమోనని రాజేశం ఫోను వైపు వంగాడు. అప్పుడు హెలెన్ గొంతు వచ్చింది. ఇంకోసారి నెమ్మదిగా చెప్పమంది. లావణ్య చెప్పింది. విని ఆవిడ అడిగింది.

"సో యూ ఆర్ నాట్ లయింగ్ టు మీ నౌ?"

ఇప్పుడు నాతో అబద్ధమాడట్లేదు కదా, అని. మళ్లీ 'నాట్'. కావాలనే అడిగిందో, మామూలుగా అడిగిందో తెలియదు. లావణ్య నోరు తెరిచింది. ఆ పెదవుల మీద 'యె' అనే అక్షరం తయారవడం నేను చూశాను. అందించబోయి ఆగాను. నేను అందించిన మాటతోనే కదా ఇంత దూరం వచ్చింది.

ఆమె నోరు మూసుకుంది. ఒకసారి నోటుబుక్కు వైపు చూసింది.

"నో మేడమ్," అంది. "ఐ యామ్ నాట్ లయింగ్."

నర్సయ్యకు ఒక్క ముక్క అర్థం కాలేదు, కానీ కూతురి గొంతు విని లేచి నిలబడ్డాడు. హెలెన్ చిన్నగా నిట్టూర్చి, సరే అంది. సరుకు ఎక్కాల్సిన మొదటి ఓడ ఎలాగూ తప్పిపోయింది, రోడ్లు తెరుచుకున్నాక పంపండి, తర్వాతి ఓడకు చూస్తానంది. లారీ కదిలిన రోజు లావణ్యే ఫోన్ చేయాలని షరతు పెట్టింది.

అక్కడ పని దొరకక నాలుగు రోజులు ఊరికే కూర్చున్న కుట్టుపని ఆడవాళ్లకు మాత్రం ఎవరం ఏమీ చెప్పుకోలేదు. ఆ సంగతి ఇప్పటికీ నన్ను గుచ్చుతుంది.

సమ్మె ముగిశాక లారీ వెళ్లింది. లావణ్య ఉద్యోగం నిలబడింది. నేను మాత్రం కోరుట్లలో, జగిత్యాలలో అందరి నోటుబుక్కుల్లోనూ ఆ వాక్యాన్ని కొట్టేయించాను. ఎందుకో కూడా చెప్పాను. కోరుట్లలో ఒక బ్యాంకు గుమస్తా, "సార్, ఇన్ని దినాలు మాతోని ఎన్ని లారీలు ఆపించిన్రో," అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ, నిజంగానే లెక్క తెలియదు.

ఆ తర్వాత నేను నేర్పిన మొదటి పాఠం ఇదే. యెస్, నో అని ఒంటి మాటతో ఆగవద్దు. జరిగింది, జరగలేదు అని పూర్తి వాక్యం చెప్పాలి. ముఖ్యమైన విషయమైతే రీడ్ బ్యాక్ చేయాలి, అంటే మనకు అర్థమైనదాన్ని తిరిగి అవతలివాళ్లకు వినిపించాలి. మర్యాద కన్నా ముందు విషయం చేరాలి. నేను ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి, మర్యాదను ముందు పెట్టాను.

ఆ ఆదివారం బయలుదేరే ముందు లావణ్య గేటు దాకా వచ్చింది. అప్పటికి కరెంటు వచ్చింది, లోపల సాంచాలు ఒక్కొక్కటే మొదలవుతున్నాయి. స్కూటర్ స్టార్ట్ చేసి, ఆపి, అడగలేక అడగలేక ఇంగ్లిష్‌లోనే అడిగాను.

"యూ ఆర్ నాట్ యాంగ్రీ విత్ మీ?"

"యెస్ సార్," అంది.

"ఏ యెస్ బిడ్డా?"

ఆ రెండు రోజుల్లో మొదటిసారి నవ్వింది.

"మన యెస్, సార్."